వేళ్ళకు తగిన వాయిద్యము

(శతాబ్ది ఉత్సవముల సందర్భముగా ఏలూరులో జరిగిన యువజన సంగీత శిబిరములో చేసిన ప్రసంగ పాఠము)



ఈ శతాబ్ది సంచికలో మన గుడుల చరిత్రను, బడుల చరిత్రను, సేవ చేసి గతించిన పెద్దల చరిత్రను తగినవారు వ్రాస్తున్నారు. మాకు అప్పగించిన విషయము వాటి ప్రక్కన చాల చిన్నది. గిటారు నేర్చుకొనదలచిన పిల్లవానికి, పిల్లకు మొదట ఎటువంటి గిటారు కొనిపెట్టవలెను? ఇంతే ప్రశ్న. ఇది బజారు విషయము గాని గుడిలో చెప్పదగిన విషయమా అని కొందరనుకొనవచ్చును. అందుచేత, ముందుగా మేము చేసిన ఒక తప్పును మీ యెదుట ఒప్పుకొని తరువాత విషయములోనికి వెళ్ళెదము.

చాల సంవత్సరముల క్రిందటి మాట. శనివారము సాయంత్రములందు మేము గాయక బృందమునకు సాధన చేయించేవాళ్ళము. కొల్లేటి లంక గ్రామము నుండి ఒక కుర్రవాడు వచ్చేవాడు. తండ్రి చేపల చెరువుల మీద కాపలా పని. ఆ ఏడు క్రిస్మసుకు బట్టలు మానుకొని, ఆ డబ్బుతో ఎక్కడో పాత గిటారు ఒకటి కొన్నారు. మాకు హార్మోనియము వచ్చును గాని గిటారు రాదు. పుస్తకములోని బొమ్మలు చూచి, ఏ వేలు ఎక్కడ పెట్టవలెనో చెప్పేవాళ్ళము. రెండు నెలలు వాడు తంటాలు పడ్డాడు. తీగ నొక్కితే మ్రోగదు, మ్రోగితే గీరుమంటుంది. వేళ్ళ కొనలు చీలి రక్తము చిమ్మేది. మేము సాధన చాలదన్నాము. ఒకనాడు విసుగెత్తి, పదిమందిలో, "నీ వేళ్ళు వల లాగడానికి పనికొస్తాయి గాని తీగకు రావురా" అన్నాము. అందరూ నవ్వారు. వాడు కూడ నవ్వాడు. మరుసటి శనివారము రాలేదు. ఆ తరువాత గాయక బృందములోనికే రాలేదు. గిటారు మాత్రము గుడి బీరువాలో ఉండిపోయినది.

ఏడాది తిరిగిన పిమ్మట విజయవాడ నుండి వచ్చిన వాద్యకారుడొకాయన ఆ బీరువాలోని గిటారు తీసి చూచి, "ఇది పడుకోబెట్టి వాయించేదండి. దీన్ని పిల్లాడి చేత ఒళ్ళో నిలబెట్టి వాయింపించారా?" అని అడిగాడు. అది హవాయి పద్ధతికి తీగలెత్తి కట్టిన గిటారు. మొదటి మెట్టు దగ్గర, తీగకును చెక్కకును నడుమ, రెండు అగ్గిపుల్లలు ఒకదానిపై ఒకటి పెట్టినను దూరేటంత సందు ఉన్నది. ఆయన తీగలు వదులు చేసి, పైనున్న ఎత్తు ముక్కను ఊడదీసి, క్రింద బ్రిడ్జి మీది ఎముక ముక్కను అరగదీసి, మరల కట్టాడు. అరగంట పని. తరువాత అక్కడున్న ఎనిమిదేళ్ళ పిల్ల వేలితో నొక్కితే తీగ చక్కగా పలికినది.

ఆ అరగంట పని మేము ముందే చేయించియుంటే ఆ కుర్రవాని వేళ్ళను గూర్చి ఆ మాట అనియుండేవాళ్ళము కాము. లోపము వాని వేళ్ళలో లేదు. లోపము కర్రలో ఉన్నది, అంతకంటె ఎక్కువగా మాలో ఉన్నది. గిటారు పట్టిన మూడు నెలలలో మానివేసే పిల్లలను మన సంఘములలో మీరును చూస్తూనే ఉన్నారు. వారిలో చాలమంది "నాకు సంగీతము రాదు" అనే తీర్పును జీవితాంతము మోసుకొని తిరుగుతారు. ఆ తీర్పు పలుమార్లు అబద్ధపు తీర్పు. అందుకే ఈ చిన్న విషయము గుడిలో చెప్పదగినదని మేము తలంచుచున్నాము.

వాయిద్యము మనిషికి లోబడవలెను

దావీదు చరిత్రలో గొల్యాతు కథ మనమందరము ఎరుగుదుము. యుద్ధమునకు బయలుదేరినప్పుడు సౌలు రాజు తన కవచమును తొడిగించాడు. దావీదు నడిచి చూచాడు, నడువలేకపోయాడు. సిగ్గుపడకుండ విప్పివేసి తన చేతికి అలవాటైన వడిసెలను తీసికొన్నాడు. రాజుగారి కవచము చెడ్డదని కాదు, అది ఆ పిల్లవాని ఒంటికి తగినది కాదు. అంతే.

మన గుడులలోని హార్మోనియమునే చూడండి. 1840ల ప్రాంతమున పారిస్‌లో అలెగ్జాండర్ డెబైన్ దానికి రూపమిచ్చినప్పుడు అది కుర్చీలో కూర్చుండి కాళ్ళతో త్రొక్కి వాయించే పెట్టె. నేలమీద చాపవేసికొని కూర్చుండే మన దేశములో అది కుదరలేదు. కలకత్తాలో దానిని కుదించి, కాలి త్రొక్కుడు తీసివేసి, చేతితో విసిరే తిత్తి అమర్చారు. అప్పుడే అది పల్లెపల్లెకు పాకినది. పురుషోత్తమ చౌదరిగారు 1803లో పుట్టి 1890లో గతించారు. వారి కాలమునాటి కీర్తనలను ఈ పెట్టె మీద మనము పాడుకొంటున్నామంటే, ఎవరో ఒకరు దానిని మన కూర్చుండే తీరుకు తగ్గించబట్టే.

ఇంకొక ఉదాహరణ మన ప్రక్క ఊరిదే. మాండొలిన్ శ్రీనివాస్ 1969లో పాలకొల్లులో పుట్టాడు. ఆరేళ్ళ ప్రాయములో తండ్రిగారి మాండొలిన్ చేతపట్టాడు. 1978లో, కొల్లేటికి ఆవలి దిక్కుననున్న గుడివాడలో, త్యాగరాజ ఆరాధనోత్సవములలో మొదటి కచేరి చేశాడు. జంట తీగల చొప్పున ఎనిమిది తీగలుండే విదేశీ మాండొలిన్ మీద మన గమకములు పలుకుట కష్టము. అందుచేత ఒంటి తీగలు ఐదు కట్టిన విద్యుత్ మాండొలిన్‌ను ఆయన తన సంగీతమునకు తగినట్టు వాడుకలోనికి తెచ్చాడు. 2014లో ఆయన మరణించేనాటికి ఆ వాయిద్యము కర్ణాటక సంగీత వేదికలపై స్థిరపడిపోయినది. వాయిద్యమును చేతికి తగినట్టు మార్చుకొనుట చేతకానితనమైతే, అంతటి విద్వాంసుడు ఆ పని చేసియుండడు.

గిటారులలో రకములు

ఇక అసలు సంగతి. మన బజారులో దొరకు గిటారులు ముఖ్యముగా నాలుగు తీరులు.

మొదటిది నైలాను తీగల గిటారు. దీనిని క్లాసికల్ అంటారు. 1940లకు పూర్వము వీటికి జంతువుల ప్రేగు తీగలు కట్టేవారు. తరువాత నైలాను వచ్చినది. తీగలు మెత్తగా ఉంటాయి. ఆరు తీగల బిగువు కలిపి సుమారు 40 కిలోలు. వేళ్ళ కొనలకు బాధ తక్కువ. కాని మెడ వెడల్పు, పైకొన దగ్గర సుమారు 52 మిల్లీమీటర్లు. చిన్న చేతులకు అది ఒక ఇబ్బంది.

రెండవది స్టీలు తీగల గిటారు. మన యువజన కూటములలో ఎక్కువగా కనబడునది ఇదే. ధ్వని గట్టిది, పదిమంది పాడేటప్పుడు వినబడుతుంది. మెడ సన్నము, 43 మిల్లీమీటర్ల ప్రాంతము. కాని సాధారణముగా కట్టే తీగల మొత్తము బిగువు 70 కిలోలు దాటుతుంది. నైలాను కంటె దాదాపు రెట్టింపు. మొదటి నెలలో వేళ్ళను కోసేది ఇదే.

మూడవది ఎలక్ట్రిక్ గిటారు. నిజము చెప్పవలెనంటే నొక్కుటకు అన్నిటికంటె సులువైనది ఇది. సన్నని తీగలు, చెక్కకు దగ్గరగా ఉంటాయి. కాని ఆంప్లిఫయరు కావలెను, కరెంటు కావలెను, ఖర్చు పెరుగును. లంకలోని ప్రార్థన కూటమునకు మోసికొనిపోవుట కష్టము.

నాలుగవది హవాయి గిటారు. ఒళ్ళో పడుకోబెట్టి, తీగలపై ఉక్కు కడ్డీ జరుపుతూ వాయించేది. సునీల్ గంగూలీ రికార్డుల వలన ఒక తరము వారందరికి దాని ధ్వని తెలుసు. విశ్వమోహన్ భట్‌గారు ఆ వంశపు వాయిద్యముతోనే 1994లో గ్రామీ బహుమానము పొందారు. గొప్ప వాయిద్యమే. కాని దానికి తీగలు ఎత్తుగా ఉండితీరవలెను, లేకపోతే కడ్డీ మెట్లకు తగులును. అటువంటిదానిని వేళ్ళతో నొక్కుటకు కొనుట, మేము చేసిన తప్పే చేయుట. పాత గిటారు కొనేవారు ఈ మాట మరువవద్దు.

పదేళ్ళ లోపు పిల్లలకు మా సలహా ముప్పావు సైజు నైలాను గిటారు. పూర్తి సైజుదానిలో తీగ మ్రోగే పొడవు 650 మిల్లీమీటర్లు, ముప్పావుదానిలో 580 ప్రాంతము. మెట్లు దగ్గరగా ఉంటాయి, వేళ్ళు చాలుతాయి. పెద్ద పిల్లలకు, గుడిలో పాటకు తోడుగా వాయించవలెననువారికి, స్టీలు తీగలదే కొనండి, కాని సన్న తీగలు కట్టించండి. అంగడిలో ఎక్స్‌ట్రా లైట్ అని అడిగితే ఇస్తారు. వాటిలో మొదటి తీగ 0.010 అంగుళము మందము. వీటితో బిగువు సుమారు 60 కిలోలకు దిగును. ఒక హెచ్చరిక: నైలాను గిటారుకు స్టీలు తీగలు ఎన్నడును కట్టవద్దు. ఆ బిగువుకు బ్రిడ్జి ఊడివచ్చును.

అంగడిలో చేయవలసిన పరీక్షలు

పిల్లల బడి స్కేలు ఒకటి జేబులో పెట్టుకొని వెళ్ళండి. ఇవి ఐదు పరీక్షలు. గిటారు వాయించుట రాని తండ్రి కూడ చేయగలడు.

మొదటి పరీక్ష. మెడ మీది పన్నెండవ మెట్టు దగ్గర, మెట్టు పైభాగము నుండి లావు తీగ అడుగు వరకు ఎంత ఎత్తున్నదో కొలవండి. స్టీలు గిటారుకు రెండు, రెండున్నర మిల్లీమీటర్లుంటే మంచిది. నైలానుకు నాలుగు వరకు ఉండవచ్చును. స్టీలుదానికి మూడున్నర, నాలుగు ఉంటే, దానిని సరిచేయించి ఇవ్వమనండి, లేదా విడిచిపెట్టండి.

రెండవది. ఏదైనా తీగను మూడవ మెట్టు దగ్గర నొక్కి పట్టి, మొదటి మెట్టు పైన చూడండి. తీగకును మెట్టుకును నడుమ ఒక కాగితము దూరేటంత సందు ఉంటే చాలు. అంతకంటె బాగా ఎక్కువ ఉంటే పైకొననున్న ముక్క, అనగా నట్, ఎత్తుగా ఉన్నదని అర్థము. క్రొత్తవారి వేళ్ళను ఎక్కువగా బాధించేది ఈ లోపమే, ఎందుకంటే మొదట నేర్చే కార్డులన్నియు మొదటి మూడు మెట్లలోనే ఉన్నవి.

మూడవది. గిటారును కన్నుకు ఆనించి, రైలు పట్టా చూచినట్టు మెడ పొడవున చూడండి. విల్లులా వంగి ఉంటే వద్దు. మెడ లోపల ఇనుప కడ్డీ ఉన్నదా అని అడగండి. స్టీలు గిటారుకు అది అవసరము. వంపును దానితోనే సరిచేస్తారు. ఆ పని తెలిసినవారిదే, మీరు తిప్పవద్దు.

నాలుగవది. మెడ అంచు వెంబడి అరచేయి రాయండి. మెట్ల కొనలు గీరుకొంటే, పిల్లవాని చేతిని ప్రతిదినము గీరుతాయి.

ఐదవది. కొనబోవునది ఎవరికోసమో వారిని కూర్చుండబెట్టి ఒళ్ళో పెట్టి చూడండి. కుడి భుజము పైకి లేచిపోతే పెట్టె పెద్దదని అర్థము. అబ్బురముగా చేయదలచి పిల్లలను ఇంటివద్ద ఉంచి గిటారు తెచ్చే తండ్రులున్నారు. చెప్పులు కూడ మనము అట్లు కొనము గదా!

ఇంటర్నెట్ ద్వారా తెప్పించుకొనేవారు ఈ పరీక్షలను ఇంటికి వచ్చిన వెంటనే చేసి, లోపముంటే త్రిప్పి పంపగలిగిన గడువులోనే నిర్ణయించుకొనవలెను. ఇంకొక మాట. ధరను బట్టి సులువు రాదు. సరిగా అమర్చిన మామూలు గిటారు, సరిగా అమర్చని ఖరీదైన గిటారు కంటె క్రొత్తవారికి మేలు. బ్రిడ్జి మీది ముక్కను రెండు మిల్లీమీటర్లు అరగదీస్తే పన్నెండవ మెట్టు దగ్గర తీగ ఒక మిల్లీమీటరు దిగును. ఇది పెద్ద ఖర్చుతో పని కాదు. కాబట్టి గిటారు కొనే డబ్బులో కొంత ఆ అమరికకు మిగుల్చుకొనండి.

నొప్పి, శ్రుతి, తేమ

గిటారు ఎంత సులువైనదైనను మొదటి మూడు నాలుగు వారములు వేలి కొనలు మండును. అది సహజము. చర్మము గట్టిపడును. రోజుకు ఒక్కసారి గంటసేపు కాక, పదేసి నిమిషములు మూడు నాలుగు సార్లు వాయించండి. వేలిని మెట్టుకు సరిగ్గా వెనుకగా, ఆనించినట్టు పెట్టండి. మెట్ల నడుమ పెడితే ఎక్కువ బలము కావలెను. కాని మణికట్టు నొప్పి, మోచేతి నరము లాగుట సహజము కాదు. అది వస్తే ఆపవలెను, గిటారును, పట్టుకొనే తీరును చూపించవలెను.

ఇంకొక ఉపాయము. ఆరు తీగలను రెండు మెట్లంత శ్రుతి దింపి కట్టండి. బిగువు ఐదవ వంతు తగ్గును. తరువాత రెండవ మెట్టుపై కేపో బిగిస్తే మామూలు శ్రుతి వచ్చును. మెట్లు కూడ దగ్గరపడును. ఈ కేపో మన కీర్తనలకు ఎంతో ఉపకారి. హార్మోనియము వాయించేవారు "ఒకటిన్నర" అంటే సి షార్ప్. దానికి క్రొత్తవాడు వేళ్ళు మెలిపెట్టనక్కరలేదు. మొదటి మెట్టుపై కేపో పెట్టి సి కార్డు వేళ్ళతోనే వాయించవచ్చును. "రెండు" అంటే కేపో రెండవ మెట్టుకు. తబలా శ్రుతి మార్చనక్కరలేదు, స్త్రీల గొంతుకు పాట అందకుండ పోదు. అన్ని తీగలను ఒకే వేలితో అడ్డముగా నొక్కే ఎఫ్ కార్డు రాలేదని ఏడ్చే పిల్లలకు, నాలుగు తీగల మీద చిన్న ఎఫ్ చాలునని చెప్పండి.

ఇక మన ప్రాంతపు తేమ. తమ్మిలేరు, బుడమేరు నీళ్ళు కొల్లేటికి చేరే వర్షాకాలములో, చుట్టూ చెరువులు, వరి చేలు, గాలి నిండ తడి. చెక్క ఆ తడిని పీల్చి ఉబ్బును, పైచెక్క లేచి తీగలు ఎత్తగును. వేసవిలో మరల దిగును. కాబట్టి మాఘమాసములో సులువుగా ఉన్న గిటారు శ్రావణములో కష్టమైతే, పిల్లవాడు సోమరి అయినాడని అనవద్దు, స్కేలు పెట్టి కొలవండి. వాయించిన తరువాత పొడిబట్టతో తీగలు తుడవండి, లేకపోతే తుప్పు పట్టి వేళ్ళను కోయును. తడి గోడకు ఆనించవద్దు, ఎండలో నిలిపిన కారులో వదలవద్దు, సంచిలో తేమను పీల్చే సిలికా పొట్లములు వేయండి.

కష్టపడితేనే విద్య వచ్చునని, సులువు చూపిస్తే పిల్లలు పాడవుతారని అనే పెద్దలున్నారు. వారి మాటలో సత్యమున్నది. కాని కష్టము పాటలో ఉండవలెను, తాళములో ఉండవలెను, నలుగురితో కలిసి పాడుటలో ఉండవలెను. అరగంటలో పోయే లోపమును ఆరు నెలలు భరించుట విద్య కాదు. ఏలూరు తివాచీలకు సన్నని ముడులు వేసిన వేళ్ళు, కొల్లేటిలో వలకన్నులు అల్లిన వేళ్ళు మన సంఘములోనివే. ఆ వేళ్ళకు తీగ నొక్కుట రాదనుట మన అజ్ఞానము.

ముగించే ముందు ఆ కుర్రవాని సంగతి చెప్పవలెను. కొన్నేళ్ళ క్రిందట ఆకివీడులో చేపల లారీ దగ్గర అతడే మమ్మును గుర్తుపట్టి పలుకరించాడు. మేము ఆనాటి మాటకు క్షమాపణ చెప్పాము. "పోనీలెండి మేష్టారండీ, ఎప్పటి మాట" అన్నాడు. కాసేపాగి, "మా అమ్మాయి గిటారు కావాలంటోందండి. మీరే చూసి కొనిపెట్టండి. నాలాగ అవ్వకూడదండి" అన్నాడు. ఆ మాట మమ్మును ఎంత కోసినదో మేము చెప్పలేము. ముప్పావు సైజు నైలాను గిటారు, ఐదు పరీక్షలు చేసి కొన్నాము. పాత గిటారును కూడ బీరువాలోనుండి తీసి అతని చేతికిచ్చాము. ఒక తీగ నొక్కి, మీటి, అది ఆగువరకు విన్నాడు. "ఇంత తేలికా అండీ?" అన్నాడు. అంతకంటె ఏమియు అనలేదు. ఆ అమ్మాయి నేడు ఈ శిబిరములో మూడవ వరుసలో కూర్చున్నది.

ఈ శతాబ్ది సంవత్సరమున ప్రతి గుడికి మా మనవి ఒక్కటే. సరిగా అమర్చిన గిటారు ఒకటి గుడి సొత్తుగా ఉంచండి. నేర్వదలచిన పిల్లలకు మూడేసి నెలలు అరువిచ్చి చూడండి. అప్పు చేసి కొనే అవసరము ఏ తండ్రికిని రాకుండును. "నీకు రాదు" అనే మాట అనకముందు స్కేలు తీసి ఒకసారి కొలవండి.